పచ్చికాయ వైద్యం

ఖాదర్‌బీ ఎడమచేత్తో ఎండుకాయ పట్టుకుని, కుడి బొటనవేలి గోటితో తొడిమ తుంచి, కాయని గోనెపట్టా మీదికి విసురుతోంది. కోల్డ్ స్టోరేజీ ముందు గుట్టలుగా పోసిన మిరపకాయల ఘాటుకి కొత్తవాళ్లు దగ్గి దగ్గి లేచిపోతారు. ఆమెకి తుమ్ము కూడా రాదు. గోళ్ల సందుల్లో మంట మాత్రం ఏళ్ల తరబడి ఆరింది లేదు.

అన్నాలవేళ పెరుగన్నంలో పచ్చిమిరపకాయ కొరికింది. క్యాన్సర్ మందులకి నోరంతా పుండ్లు. కళ్లల్లోంచి నీళ్లు జారాయి.

"ఏందొదినా, ఆ నోటితో పచ్చికాయ నములుతున్నావా? మతుందా నీకు?" పక్కన కూర్చున్న దేవకుమారి అరిచింది.

"దీంట్లో సి విటమిన్ ఉందంట. నిమ్మకాయలో కన్నా ఎక్కువంట. క్యాన్సర్ని చంపుద్దని ఫోన్లో వీడియోలో చెప్పారు."

"అట్టయితే మనూళ్లో ఒక్కళ్లకీ రోగం రాకూడదే! మిరపతోటల్లోనేగా పుట్టి పెరిగాం."

ఖాదర్‌బీ నవ్వింది. పెదవి చిట్లింది. రెండ్రోజులుగా లోజ్వరం కాస్తున్నా ఆమె ఇంట్లో చెప్పలేదు.

తెల్లారితే గుంటూరులో ఇంజెక్షన్. అది ఎక్కించుకుంటే వారం దాకా మంచం దిగలేదు. మనవరాలు సైమా చేతులు చాచినా ఎత్తుకోలేదు. ఈ కాయలతోనే తగ్గిపోతే సూది మానెయ్యొచ్చు. పిల్లని చంకనేసుకుని వీధంతా తిరగొచ్చు. కళ్లు తుడుచుకుని ఇంకో కాయ కొరికింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు నజ్మీన్ బిడ్డనెత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నోరు తెరువు. దేవకుమారత్త ఫోన్ చేసి అంతా చెప్పింది."

ఖాదర్‌బీ తెరవలేదు.

"డాక్టరుగారు ఏమన్నారమ్మా? సి విటమిన్‌తో రోగం పోదు, బిళ్లయినా సరే మమ్మల్నడక్కుండా మింగొద్దు, ఇంజెక్షన్ మాత్రం మానొద్దు అన్లా? నీకేమన్నా అయితే ఈ పిల్లతో నేనెక్కడికి పోవాలే?"

"సూదేస్తే పిల్లనెత్తుకోలేను గదే."

నజ్మీన్ తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, సైమాని ఆమె ఒళ్లో దించింది.

"ఎత్తుకోకపోతే ఏం? నువ్వు పడుకునుంటే పక్కలో వేస్తా. పొద్దున పోదామా?"

"పోదాంలే," అంది ఖాదర్‌బీ, పిల్ల జుట్టు మునివేళ్లతో తాకీ తాకనట్టు సవరిస్తూ. వేళ్ల మంట పిల్లకి అంటుతుందని ఆమె భయం.

తెల్లవారుతుండగా బస్సుకి లేపుదామని నజ్మీన్ మంచం దగ్గరికొచ్చింది. సైమా అమ్మమ్మ చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆ చెయ్యి చల్లబడి ఉంది.

పుండ్లు మానడానికి పుక్కిలించమని రాత్రి తను కలిపిపెట్టిన ఉప్పునీళ్ల గ్లాసు మంచం కింద, సగం ఖాళీ అయి ఉంది.