నకు కొమ్మా, దీర్ఘమా

"ఇది విను బాబాయ్. మొన్నటిదానికీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా," అంటూ బాసు ఇంకో హెడ్‌ఫోన్ డబ్బా చింపాడు.

బస్టాండు ఎదురుగా ఫోను సామాన్లమ్మే ఆ కొట్టువాడికి ఆ పేరు ఊరికే రాలేదు. ఏ హెడ్‌ఫోన్ చేతిలో పెట్టినా "బేస్ అదిరిపోతుంది బాస్" అంటాడు. పెద్దవాళ్ళొస్తే మాత్రం బాబాయ్ అని పిలిచి, బేస్ గొడవ కాస్త తగ్గిస్తాడు.

ఈ బాబాయ్ బస్సు డ్రైవరు, ఆయనకి బేస్‌తో పని లేదు. జీవితమంతా బస్సు ఇంజను పక్కన కూర్చున్న మనిషి, ఆయన గుండెల్లో మోగాల్సినంత ఎప్పుడో మోగింది. హెడ్‌ఫోన్ తలకి తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ఫోనులో ఎప్పటి మెసేజే నొక్కాడు.

"నాన్నా, నేనే. ఆదివారం ఇంటికి రాన్..." అంది కూతురి గొంతు. అంతలో ఆ మెసేజులోనే, పిల్ల పక్కన ఎవరో లారీ హారను కొట్టారు. హారను ఆగాక, "సరే, ఉంటా" అంది. అంతే, అయిపోయింది.

రాను అందా, రానా అని అడిగిందా? చిన్నప్పుడు పంతులుగారు బెత్తం పట్టుకుని "నకు దీర్ఘమిస్తే నా, నకు కొమ్మిస్తే ను" అని వల్లె వేయిస్తుంటే ఆయన కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చున్నాడు. ఈ వయసులో అదే పాఠం మళ్ళీ మెడకి చుట్టుకుంది. ఇన్నేళ్ళూ అడ్డొచ్చిన ప్రతి సైకిలు మీదా, స్కూటరు మీదా ఆయన కొట్టిన హారన్లన్నీ కలిసి తిరిగొచ్చి, ఆ ఒక్క గుర్తునీ మింగేసినట్టుంది.

కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు క్లీనరు. బడి లేని రోజున బస్సెక్కి, ఇంజను డబ్బా మీద కూర్చుని, "ఎడమ పక్క ఖాళీ నాన్నా, పోనీ!" అని అరిచేది. ఆయన మురిసిపోయేవాడు. షెడ్డులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని గేర్లు నేర్పిందీ ఆయనే. తీరా అది పెద్దదై, చదువుతున్న పంతులమ్మ చదువు మానేసి లారీ నడుపుతానంటే మాత్రం ఇల్లు పీకి పందిరేశాడు. "పిల్లలకి పాఠాలు చెప్పుకోవే అంటే స్టీరింగు పడతావా? ఆ పనికి వెళ్ళావంటే ఈ గడప తొక్కకు!" అన్నాడు. ఆయన పిల్ల కదా, ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివింది. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

నెలల తరబడి మాటల్లేవు. ఆ తర్వాత ఒక పొద్దున షెడ్డులో, పక్కన నాలుగు ఇంజన్లు మోగుతుండగా, ఈ మెసేజు వచ్చింది. గీతలు పడిన పాత ఫోనుని చెవికి ఆనించుకుని విన్నాడు. రాను అన్నట్టే వినపడింది. "రాకపోతే మానె, ఇక్కడెవరు పీటలేసుకుని కూర్చున్నారు!" అనుకుని ఫోను జేబులో పడేశాడు. జవాబు పెట్టలేదు. ఇంటికొచ్చి భార్యతో, "నీ కూతురు ఆదివారం రానని కబురు పెట్టింది. రమ్మని అడిగిందెవరట?" అన్నాడు.

ఆదివారం వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాత ఉండబట్టలేక భార్యే ఫోను చేస్తే ఆ నంబరు పనిచెయ్యడం లేదంది. డ్రైవరు పరువు పక్కనపెట్టి లారీ ఆఫీసుకి వెళ్ళాడు. ఆ నంబరు తమదేనని, ఆ పిల్ల ఉద్యోగం మానేసేటప్పుడు తిరిగిచ్చేసిందని, ఎక్కడికి వెళ్ళిందో తమకి తెలియదని చెప్పారు. ఎప్పుడు మానేసిందని అడిగితే, ఆ ఆదివారం మర్నాడే అన్నారు.

ఆ సాయంత్రం భార్య మొదటిసారిగా ఆ మెసేజు తన చెవులతో విన్నది. విని ఫోను బల్ల మీద పెట్టింది.

"రానా అని కదండీ అడిగింది," అంది.

ఒక్కసారే అంది, మళ్ళీ అనలేదు. అరిచినా బాగుండేది. అప్పటినుంచి ఆయన చెవులు ఆయనవి కాకుండా పోయాయి.

మొదట కొన్నది పులి బొమ్మున్న నల్ల హెడ్‌ఫోన్. దాంట్లో గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టు గుమ్ముగా ఉంటుంది, చివర్న 'ను' అనే వినపడుతుంది. రెండు రోజులు కడుపు నిండా తిన్నాడు. మూడో రోజు అనుమానం వచ్చి మెరుపు బొమ్మున్నది కొన్నాడు. అది మహా గయ్యాళిది. హారను సూదిలా గుచ్చుతుంది, 'సరే' అన్న మాటలో స బుసకొడుతుంది, కానీ దాంట్లో ఎన్నిసార్లు విన్నా 'నా' అనే అంటుంది పిల్ల. అది విన్న రోజున అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. వంటింటి మేకుకి రెండూ వేలాడదీసి ఉండటం చూసి భార్య, "ఇంట్లో మనుషులిద్దరం. వింటే తలో మాట వింటాం. వాటికి కూడా అదే రోగం అంటుకుంది," అంది.

నిజం చెప్పాలంటే ఆయన వెతికేది మంచి హెడ్‌ఫోన్ కోసం కాదు. 'రాను' అని గట్టిగా చెప్పే హెడ్‌ఫోన్ కోసం. రాను అంటే మొండితనం పిల్లది. రానా అంటే, పిల్ల గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టింది, లోపల మెలకువగా ఉండి కూడా ఆయన తియ్యలేదు. ఆ రెండో మాట మొయ్యడం ఆయన వల్ల కాదు.

ఇప్పుడు చెవులకున్న మూడోదానికి ఏ బొమ్మా లేదు. గొంతు దగ్గరగా ఉంది, కానీ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. ఒకసారి వింటే ను, ఇంకోసారి వింటే నా.

"ఏ పాట బాబాయ్, వచ్చినప్పుడల్లా అదొక్కటే వింటావు?" అన్నాడు బాసు.

డ్రైవరు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. నోట్లోంచి అబద్ధం రాలేదు. హెడ్‌ఫోన్ తీసి బాసు తలకే పెట్టాడు. "నువ్వు విను. ఏమంటోందో చెప్పు. పరాయివాడివి, నీకైతే ఉన్నదున్నట్టు వినపడుతుంది."

బాసు విన్నాడు. "ఆదివారం ఇంటికి రాను అంటోంది," అన్నాడు చప్పున.

డ్రైవరు అమ్మయ్య అనుకోవాలి. ఎందుకో అనుకోలేకపోయాడు. ఆయన మొహం చూసి బాసు కంగారుపడ్డాడు. "ఆగు ఆగు, ఇంకోసారి వింటా... రానా అంటోంది బాబాయ్. అవును, రానా అనే."

"నా మొహం చూసి చెప్పకురా!"

"మరి ఏం చూసి చెప్పమంటావు?" బాసు హెడ్‌ఫోన్ తీసేశాడు. "ఎవరిది ఈ గొంతు?"

"మా అమ్మాయిది."

"అయితే ఆ అమ్మాయికే ఫోను చేసి..." అని ఆగిపోయాడు బాసు. నోటి తీట ఉన్నా బుర్ర ఉన్నవాడే. కాసేపు గల్లాపెట్టె మీద వేళ్ళతో కొట్టాడు. "ఇంకా ఖరీదైంది చూపించు," అన్నాడు డ్రైవరు. బాసు చూపించలేదు. సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, బొమ్మ లేని హెడ్‌ఫోన్ ఒక పక్క విప్పాడు. కొట్లో అమ్ముడుపోక మూల పడున్న పులి బొమ్మదొకటీ, మెరుపు బొమ్మదొకటీ కూడా విప్పి బల్ల మీద వరసగా పెట్టాడు.

మూడింటిలోనూ నాణెమంత నల్లటి బిళ్ళ ఉంది. ఎర్ర తీగా, వెనకున్న చిల్లులూ మూడింటికీ ఒకేలా ఉన్నాయి.

"ఒకే చోట తయారైన సరుకు బాబాయ్. బొమ్మ వేరు, డబ్బా వేరు. ఒకదానికి స్పాంజి ఎక్కువ, ఒకదానికి తక్కువ, దాంతో కాస్త గుమ్ము పెరుగుతుంది, కాస్త కీచుదనం పెరుగుతుంది. హారను మింగిన మాటని ఇందులో ఏదీ కక్కించలేదు." గొంతు తగ్గించాడు. "నేనమ్ముకునేవాణ్ణి, నాకెందుకు చెప్పు. నీకింక అమ్మలేను."

డ్రైవరు మూడు బిళ్ళలనీ చేత్తో తిప్పి తిప్పి చూశాడు. పులి బొమ్మది తన పక్షం అనుకున్నాడు, మెరుపు బొమ్మది భార్య పక్షం అనుకున్నాడు. పక్షాలు లేవు. ఏ రోజు ఏది వినగలిగితే ఆ రోజు అది విన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కూతురు వదిలేసి వెళ్ళిన చొక్కా ఒకటి అందులో ఉంది. ఎవరూ వేసుకోకపోయినా వారం వారం ఉతుకుతుంది. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమే, నీకెలా తెలిసింది? ఒక్కసారి విని రానా అన్నావు. నీ చెవి అంత మంచిదా?"

"నాకూ హారనే వినపడిందండీ."

"మరి?"

భార్య చొక్కా చేతులు లోపలికి మడిచింది. "రాననుకున్నది రాకుండా ఊరుకుంటుంది కదా. ఇన్ని నెలలూ రాలేదు. ఎప్పుడైనా ఫోను చేసి రానని చెప్పిందా? రాననడానికి ఎవరైనా కబురు పెడతారా?"

ఇంత చిన్న సంగతికి చెవులెందుకు? ఆ పొద్దున షెడ్డులో, ఇంజన్ల మధ్య, ఆ నిమిషమే ఎందుకు తట్టలేదు? తట్టలేదో, తట్టనివ్వలేదో ఆయనకే తెలియాలి. ఏడుపు వచ్చింది. భార్య ముందు ఎప్పుడూ ఏడవని మనిషి, మెట్టు మీదే కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఓదార్చలేదు. అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు.

కాసేపటికి ఆయన లేచి లోపలికి వెళ్ళి, కిటికీ తలుపులు వేశాడు, ఫ్యాను కట్టేశాడు. వీధిలో ఏదో బండి హారను కొడుతూ పోతుంటే అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆగాడు. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. అడుగుదామనుకున్న మాటలూ, చెప్పుకుందామనుకున్న క్షమాపణలూ చాలా ఉన్నాయి. ఏం చెప్పినా ఎక్కడో ఒక ముక్క పోతుందని భయం వేసింది.

"రా," అన్నాడు.

మేకున ఉన్న పులి బొమ్మదాంట్లో విన్నాడు. తర్వాత మెరుపు బొమ్మదాంట్లో విన్నాడు. రెండింట్లోనూ రా అనే ఉంది. అప్పుడు ఆ పనిచెయ్యని నంబరుకి పంపాడు. మెసేజు పక్కన, వెళ్ళినట్టు ఒక్క టిక్కు పడింది. అందినట్టు రెండోది పడుతుందేమోనని, ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.