ఎడమ పక్క

ఆపరేషన్ థియేటరులో వరి నాట్లు వేసేటంత నీళ్లున్నాయి, అయినా గవరయ్య కాళ్లు తడవడం లేదు. పైనున్న గుండ్రటి పెద్ద దీపం చుట్టూ పిచ్చుకలు తిరుగుతున్నాయి, పనిముట్లు ఉడికించే ఆవిరి డ్రమ్ము ఓ మూల కూర్చుని విజయనగరం పాసింజరులా కూత పెడుతోంది, పళ్లెంలో కొంగముక్కులు చేపల కోసం ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. కొంగముక్కంటే రక్తనాళాన్ని పట్టుకునే వంపు ఫోర్సెప్స్. ఐదో తరగతితో బడి మానేసిన గవరయ్య, ముప్పై ఏళ్ల థియేటరు నౌకరీలో ప్రతి పనిముట్టుకీ ఓ పేరు పెట్టుకున్నాడు. చివరికి పెద్ద డాక్టర్లు కూడా "కొంగముక్కు ఇయ్యి" అని చెయ్యి చాపేవారట. ఆ "ట" గవరయ్యదే.

"వాటికి కాస్త బుద్ధి చెప్పవయ్యా, అంత ఆవిరిలో ఉడికొచ్చినా పొగరు తగ్గలేదు," అంటుంది శలోమి సిస్టరు. ఆవిడ పోయి పన్నెండేళ్లయింది గానీ, నాలుగు రోజులు సెలవు పెట్టి ఇవాళే డ్యూటీకి వచ్చినట్టు, ఆకుపచ్చ గౌను తాళ్లు వెనక్కి కట్టుకుంటూ నిలబడి ఉంది.

"మీరు లేరు కదా సిస్టరమ్మా, అందుకే చెడిపోయాయి."

"మాటలకేం గానీ, బల్ల ఎక్కు. ఏ పక్క?"

మధ్యాహ్నం రెండింటికి తన ఎడమ మూత్రపిండంలో రాయి తీస్తారని గవరయ్యకి గుర్తొస్తుంది, దానితోపాటే పాత సంగతొకటి కూడా. ఇరవై ఏళ్ల కిందట ఇదే బల్ల దగ్గర డాక్టరుగారు "ఎడమ పక్క, గవరయ్యా" అని చేతులు కడుక్కోవడానికి వెళితే, మత్తులో ఉన్న రోగిని తను శుభ్రంగా ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. అన్నం తిని ఎడమ పక్కకి పడుకోరా అని అమ్మ చెబితే ఎడమ కిందికే కదా పోతుంది. కొయ్యాల్సిన డాక్టరుకి మాత్రం ఎడమ పైకి రావాలి. శలోమి సిస్టరు చూసి, నోరెత్తకుండా తనూ ఓ చెయ్యి వేసి రోగిని రెండో పక్కకి తిప్పించింది. ఆలస్యమేమిటని డాక్టరుగారు కసిరితే "మోకాళ్ల మధ్య దిండు పెట్టడం నేనే మర్చిపోయానండీ" అని ఆ చివాట్లన్నీ తనే తింది.

"చివాట్లు ఎప్పుడో అరిగిపోయాయి," అంటుంది ఆవిడ, అతను పైకి అనని మాటకి జవాబుగా. "మీ ఊరి టీకొట్టు దగ్గర మాత్రం వేరే కథ నడుస్తోందట."

"ఎవరు చెప్పారు?"

"ఈమధ్య పైకి వచ్చినవాళ్లలో సగం మంది మీ టీకొట్టువాళ్లే. రోగిని తప్పుగా తిప్పింది నేనట, పట్టుకున్నది నువ్వట, డాక్టరుగారు మెచ్చి నీకు చేతిగడియారం ఇచ్చారట."

"గడియారం మొదట్లో లేదు సిస్టరమ్మా. చెప్పగా చెప్పగా దానంతటదే చేరింది."

శలోమి సిస్టరు నవ్వుతుంటే దీపం కూడా ఊగుతుంది, కొంగముక్కులు కొట్లాట మాని ఇటు చూస్తాయి. గవరయ్యకి నవ్వు రాదు.

"ఆ రోజు తప్పు నాదని ఒక్క మాట అనలేకపోయాను. నౌకరీ పోతుందని భయం. మీరు పోయినప్పుడూ చర్చి గేటు దాకా వచ్చి, ఏ మొహం పెట్టుకుని లోపలికి రానని తిరిగెళ్లిపోయాను. తప్పు నాదే సిస్టరమ్మా."

"నాకు చెబితే ఏం లాభం? నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్లకి చెప్పు," అంటూ అతని భుజం పట్టి, బల్లమీద మెల్లగా ఎడమ పైకి వచ్చేలా ఒరిగించి, కింది కాలు ముడిచి, పై కాలు చాచి, రెండడుగులు వెనక్కి వేసి చూస్తుంది. "అచ్చం రంగనాథస్వామిలా ఉన్నావు. పాము ఒక్కటే తక్కువ."

"మీ చర్చివాళ్లు వింటే ఏటంటారో."

"వాళ్లంతా ఇక్కడే ఉన్నార్లే. కదలకు, ఇంకొక్కటి ఉంది," అని ఆవిడ వంగుతుంది, కొంగముక్కులన్నీ ఒక్కసారిగా రెక్కలు విప్పుకుని దీపం వైపు ఎగిరిపోతాయి, డ్రమ్ము పొడుగ్గా కూత పెట్టి కదులుతుంది, కూత తగ్గుతూ తగ్గుతూ ఎవరో పిలుస్తున్నట్టు అవుతుంది.

"తాతా, లే. ఒంటిగంటన్నరైంది."

వార్డులో కిటికీ నిండా ఎండ. మంచం పక్కన నర్సు పిల్ల, చేతిలో నల్ల స్కెచ్ పెన్ను.

"ఆపరేషన్ చేసేచోట గుర్తు పెట్టాలి. ఏ పక్క?" అని అడిగి దుప్పటి తీసి, అలాగే ఆగిపోయింది. "ఇలా పడుకోవాలని నీకెవరు నేర్పారు తాతా?"

గవరయ్య తల వంచి చూసుకున్నాడు. ఎడమ పైకి ఉంది. పడుకునేటప్పుడు తలకింద ఉన్న దిండు, మోకాళ్ల మధ్య సరిగ్గా ఇమిడి ఉంది.

"శలోమి సిస్టరని ఒకావిడ," అన్నాడు. "ఓసారి నేను ఓ రోగిని తప్పు పక్కకి తిప్పేశాను తల్లీ, ఆవిడ పట్టుకుంది. గుర్తు పెడుతూ విను, చెబుతాను. పెద్ద కథేం కాదు, ఇందులో గడియారం కూడా లేదు."