మూత మీద తాళంచెవి

చుట్టుపక్కల ఎవరి తాళం మొరాయించినా ఆయన్నే పిలుస్తారు. బీరువా కానివ్వండి, దుకాణం షట్టరు కానివ్వండి, తాళాలాయన చెవి ఆనించి కాస్త కదిపాడంటే అది నోరు తెరవాల్సిందే. అంతటివాడు సొంత ఇంట్లో, తాళమే లేని అట్టపెట్టెల ముందు నిలబడి చెమటలు కక్కాడు.

ఆ పెట్టెలు తయారుచేసింది ఆయన భార్యే. చెప్పుల దుకాణం వాళ్ళు పారేసే అట్టపెట్టెలు తెచ్చి, పూల గుడ్డ అతికించి, ఒక్కో మూతకు ఒక్కో అలంకారం చేసింది. ఒకదానికి గవ్వలు, ఒకదానికి గుండీలు, ఇంకోదానికి పురికొస చుట్టలు, మరోదానికి లేసు. లోపలి గది అరల నిండా వరసగా పేర్చింది. సూదులు, దారాలు, మందుబిళ్ళలు, అగ్గిపెట్టెలు, ఇంట్లో ఉన్న చిల్లర సామానంతా వాటిలోకి చేరింది. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. ఆయనకు మింగుడుపడనిదల్లా ఆ ముచ్చటే.

ఎందుకంటే ఆవిడ సర్దే మనిషి కాదు మరి! పెళ్ళయిన నాటినుంచి ఆ ఇంట్లో కత్తెర కావాలంటే మంచం కింద, దువ్వెన కావాలంటే బియ్యం డబ్బా మీద వెతుక్కోవడమే. అడిగితే "సంసారం అన్నాక ఆమాత్రం ఉండదా?" అని నవ్వేసేది. అలాంటి మనిషికి ఉన్నట్టుండి ఈ సింగారం ఏమిటి? పైగా ఆయన కళ్ళజోడు, రుమాళ్ళు, చేతిగడియారం, గడ్డం సామాను, అన్నీ ఏరి ఏరి ఒకే పెట్టెలో పెట్టింది. దాని మూత మీద ఓ పాత ఇత్తడి తాళంచెవి అతికించింది.

"నావెందుకే వేరు చేశావు?" అని అడిగాడు.

"మీవి మీకుండాలిగా," అంది ఆవిడ, జిగురు రాస్తూ.

మీవి మీకు. అంటే నావి నాకు అనేగా! ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది ఆరా తీయడం. తాళంలో పుల్ల తిప్పినంత ఓపిగ్గా భార్యను గమనించాడు. ఓ సాయంత్రం బజార్లో ఆవిడ ఎదురొచ్చింది. ఆయన పక్కనుంచే, భుజం తగిలేంత దగ్గర్నుంచి, చూసీ చూడనట్టు వెళ్ళిపోయింది. కట్టుకున్న మొగుణ్ణి! అదే మనిషి పొద్దున్నే టీ తాగేటప్పుడు మాత్రం ఆయన మొహంలోకి కళ్ళార్పకుండా చూసేది. "ఏంటే ఆ చూపు?" అంటే "ఏంలేదులెండి" అనేది. అది తప్పు చేయబోయేవాళ్ళ చూపని ఆయన తేల్చేసుకున్నాడు. ఆ చూపు భరించలేక కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పెద్దమనిషికి పట్టిన బుద్ధి చూడండి!

ఓ రోజు పనిముట్ల సంచి మర్చిపోయి, దారిలోంచి వెనక్కి వచ్చాడు. లోపల ఆవిడ ఫోన్లో వాళ్ళ అక్కతో మాట్లాడుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగి చెవులు రిక్కించాడు.

"ఆయనకింకా చెప్పలేదక్కా. ఎలా చెప్పను? పూర్తిగా పోయేలోపు అన్నీ సర్దుకోవాలి. ఆ తర్వాత నా వల్ల కాదు."

సర్దుకోవడమంటే ఇల్లు సర్దుకోవడమూ అవుతుంది, మూటాముల్లె సర్దుకోవడమూ అవుతుంది. బెదిరిపోయి ఉన్నవాడి చెవికి రెండోదే వినిపించింది. సంచి తీసుకోకుండానే వీధిలోకి వచ్చి, మూసిన కొట్టు అరుగు మీద కూలబడ్డాడు. ఆవిడ వెళ్ళిపోతే ఆ ఇంట్లో తను ఎలా ఉంటాడు? ఎవరిమీద విసుక్కుంటాడు? నిలదీద్దామంటే నోరు రాలేదు. అడిగితే ఎక్కడ అవునంటుందోనని భయం.

అడగలేనివాడు ఏం చేశాడంటారా? మర్నాడు ఆవిడ కూరలకని బయటికి వెళ్ళగానే లోపలి గదిలో దూరాడు. "ఎలా వెళ్తుందో నేనూ చూస్తా!" అని గొణుక్కుంటూ పెట్టెలన్నీ తలకిందులు చేశాడు. గవ్వల పెట్టెలోవి గుండీల పెట్టెలోకి, పురికొస పెట్టెలోవి గవ్వల దాంట్లోకి. లేసు పెట్టెలో దారపు ఉండలు తీసేసి తన రంపపు బ్లేళ్ళు, ఆకురాళ్ళు కుక్కాడు. సర్దింది చెదిరితే ప్రయాణం వాయిదా పడుతుందట. చిన్నపిల్లలు నయం.

మరుసటి పొద్దున పనికి బయల్దేరుతుంటే ఆయన చొక్కా గుండీ ఊడి కిందపడింది.

"ఉండండి, రెండు కుట్లు వేస్తా," అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆ వెంటనే "అమ్మా!" అని కేక. ఆయన పరుగెత్తాడు. లేసు మూత కింద పడి ఉంది. ఆవిడ వేళ్ళనుంచి నెత్తురు ధారగా కారుతోంది.

"చూసి తీయొద్దటే!" అని అరిచాడు, రుమాలు చుడుతూ.

ఆవిడ నొప్పి దిగమింగి, "పెట్టెలు కదిపారా మీరు?" అంది.

ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఆయన నోట బయటపడింది. "కదిపాను! నువ్వు నన్నొదిలేసి పోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటావా? మీ అక్కతో అన్నావుగా, పూర్తిగా పోయేలోపు అన్నీ సర్దుకోవాలని! నా చెవులారా విన్నాను!"

ఆవిడ ఆయనవైపు తెల్లబోయి చూసింది. నవ్వబోయింది గానీ ఏడుపే వచ్చింది.

"పోయేది నేను కాదండీ. నా చూపు."

ఆయన వంగి ఆవిడ కళ్ళలోకి చూశాడు.

"పక్కల చూపు ముందే పోయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కాస్త కనిపిస్తుంది. ఈ చీకటి గదిలో అయితే అదీ లేదు. మెల్లగా అదీ పోతుందన్నాడు డాక్టరు, మందు లేదన్నాడు. అందుకే ఈ గవ్వలూ గుండీలూ. తడిమితే ఏది ఏదో తెలియాలని."

ఏది పోయేలోపు అన్నది ఆవిడ ఫోన్లో అననేలేదు. ఆ ఖాళీలో ఆయన ఆవిణ్ణే నిలబెట్టేశాడు. బజార్లో పక్కనుంచి వెళ్ళిపోయింది చూసీ చూడనట్టు కాదు, చూడలేక. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"మరి ఆ తాళంచెవి పెట్టె?" అన్నాడు చివరికి.

"మీదేగా. కళ్ళు పోయినా పొద్దున్నే మీ రుమాలు, కళ్ళజోడు అందించేది నేనేగా? మీరెక్కడ పెట్టుకుంటారో మీకే తెలియదాయె."

ఆ రోజు తాళాలాయన పనికి వెళ్ళలేదు. ఇద్దరూ నేలమీద కూర్చుని పెట్టెలు మళ్ళీ సర్దారు. ఏది ఎందులో ఉండేదో ఆయనకు ఒక్కటీ గుర్తులేదు. వేళ్ళకు కట్టు ఉందేమో, ఆవిడ ఎడమచేత్తో మూతలు తడుముతూ ఒక్కోటీ చెప్పింది. రంపపు బ్లేళ్ళను ఆయన గడప దాటించి, వీధివైపు గదిలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు టీ తెచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆయన లేచి, గోడవైపున్న కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, వెలుగు మొహం మీద పడేలా కూర్చున్నాడు.

"చూసుకో," అన్నాడు.