దేవుడిచ్చిన ఆలోచన

ఉతికి ఆరిన దుప్పటిని జయశీల రెండు చేతులా ఎత్తి వాకిలి వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. నడుమ భాగంలో పోగులు బాగా పలచబడ్డాయి. గుడ్డలోంచే రోడ్డు మీద పోతున్న లారీ నీడ కనపడింది. అంచులు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి.

"ఎంతసేపు చూస్తా నిలబడతావు దాన్ని? చినిగిందా, అవతల పడెయ్. లాడ్జి వాళ్ళు ఎట్టాగూ వద్దన్నారు," అన్నాడు గిద్యోను ఫోన్లోంచి తల ఎత్తకుండా.

జయశీల దుప్పటిని మడిచి తన కుట్టు మిషను పక్కన ఉన్న దొంతర మీద పెట్టుకుంది.

బోగోలు దాటాక హైవే పక్కన రేకుల షెడ్డులో ఉంది వాళ్ళ హెబ్రోను లాండ్రీ. కావలి లాడ్జీల దుప్పట్లు, కల్యాణమండపాల బల్లగుడ్డలు, రొయ్యల కంపెనీ గెస్ట్ హౌస్ తువ్వాళ్ళు మూటలు మూటలుగా వచ్చి పడతాయి అక్కడికి. బోర్డు మీద గిద్యోను పేరుంది. ఉతికే మిషన్ల దగ్గర పెంచలమ్మ పనిచేస్తుంది. మిగిలిన పనులన్నీ, అంటే మూటలు విప్పి వేరుచేయడం, మరకలు చూసి నానబెట్టడం, ఆరేయడం, మడతలు, కుట్లు, వచ్చినవాళ్ళకు టీ, జయశీలవి. కొత్తవాళ్ళెవరైనా ఆమె వైపు చూస్తే గిద్యోను నవ్వుతూ, "మా ఇంట్లో ఆమె. ఇంట్లో పొద్దుపోక వస్తా ఉంటది," అంటాడు.

పొద్దుపోకపోవడమంటే ఎలా ఉంటుందో జయశీల ఎప్పుడూ ఎరగదు. కోడి కూయకముందే లేచి నీళ్ళు పట్టి, అత్త దీనమ్మకు చప్పిడి కూర, మొగుడికి కారం కూర విడివిడిగా వండి, క్యారేజీ సర్ది, ఆమెకు మాత్రలిచ్చి, కాళ్ళకు నూనె రాసి, బండి హారన్ మోగేసరికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వాకిట్లోకి పరిగెత్తాలి. సాయంత్రం షెడ్డు నుంచి వస్తే గిద్యోను ఉస్సురని కుర్చీలో కూలబడతాడు. ఆమె అదే ఉస్సురును గొంతులోనే మింగి పొయ్యి వెలిగిస్తుంది. నెల్లూరులో నర్సింగు చదువుతున్న కూతురు షారన్ ఒకసారి ఫోన్లో మాటల మధ్య, "మా ఫ్రెండ్స్ అడిగితే నాయనకు లాండ్రీ ఉంది, అమ్మ ఖాళీనే అని చెప్పినా," అంది. పిల్ల మాటలో కల్మషం లేదు. అందుకే అది మిగతావాళ్ళ మాటల కన్నా ఎక్కువ రోజులు గుచ్చుకుంది.

చినిగిన గుడ్డల సంగతి మొదలైంది పొగతో. లాడ్జీలు వద్దన్నవాటిని గిద్యోను షెడ్డు వెనక కుప్పవేసి తగలబెట్టించేవాడు. అందులో సగం నూలు, సగం పాలిస్టరు. కాలితే కరిగి నల్లటి ముద్దలయ్యేవి. పక్క చేను గంగులయ్యది. పోయిన ఏడాది వానలు పడ్డాక ఒకనాడు ఆయన అరచేతిలో ఆ ముద్దలు చూపించుకుంటూ వచ్చాడు.

"ఏంది గిద్యోనూ ఇది? నా నారుమళ్ళో పడినాయి ఈ ముద్దలు. మా మనవరాలు దగ్గి దగ్గి నిద్రపోవడం లేదు. ఇంకోసారి పొగొస్తే పంచాయితీలో పెడతా, చెప్తా ఉండా!"

గిద్యోను ఆయనకు దణ్ణాలు పెట్టి పంపించాడు. ఆ పైన కోపమంతా తెచ్చి జయశీల ముందు పోశాడు. "నువ్వుండి ఏం లాభం? రేపట్నించి ఆ గుడ్డల పని నీదే. ఏం చేస్తావో నాకు తెలీదు. పొగ మాత్రం రాకూడదు."

అలా ఆ కుప్ప ఆమెకు వచ్చింది. మొదట్లో భయమేసింది. రోజూ పెరిగే కుప్పను ఏం చేస్తుంది? తర్వాత ఒక దుప్పటిని నిలువునా రెండుగా చీల్చి చూసింది. గట్టిగా ఉన్న రెండు అంచులనూ నడుమకు తెచ్చి కలిపి కుట్టింది. పలచబడిన భాగం పక్కలకు పోయింది. పరుపు కిందికి దోపేస్తే ఎవరికీ కనపడదు. లాడ్జి వాళ్ళు దాన్ని తిప్పి తిప్పి చూసి తీసుకున్నారు. అట్లా నిలబడనివాటిని దిండు గలీబులు చేసింది. గలీబులకూ పనికిరానివి రొయ్యల కంపెనీలో నేల తుడవడానికి పోయాయి. పాత తువ్వాళ్ళను నాలుగు పొరలుగా కుట్టి కాళ్ళు తుడుచుకునే పట్టాలు చేసింది.

అసలు ఇన్ని ఎందుకు చినుగుతున్నాయన్నది ఆమెకు ఆ తర్వాత తట్టింది. మరక తొందరగా పోవాలని గిద్యోను బ్లీచింగు ధారగా పోసేవాడు. "ఆ మందే గుడ్డను తినేస్తా ఉండాదండీ, కొంచెం తగ్గిద్దామా?" అని అడిగితే, "మీ నాయన లాండ్రీ పెట్టి నేర్పినాడా నీకు?" అన్నాడు. చర్చి కాపలాదారుగా బతికి పోయిన నాయన ఆ మాటలోకి ఎందుకొచ్చాడో ఆమెకు అర్థం కాలేదు. ఇక అడగలేదు. గిద్యోను లాడ్జీలకు వెళ్ళిన సమయంలో తనూ పెంచలమ్మా కలిసి పసుపు మరకలను సబ్బులో నానబెట్టి ఎండలో పరిచారు. నెత్తుటి మరకలను చన్నీళ్ళలోనే వదిలించారు. బ్లీచింగు సగానికి సగం తగ్గింది. ఉతికిన దుప్పటిని వెంటనే పంపకుండా ఒకరోజు అరలో ఉంచితే పోగు తేరుకుంటుందని కూడా జయశీల కనిపెట్టింది.

"దుప్పటికన్నా ఒక రోజు రెస్టు దొరికింది మ్మా," అని నవ్వింది పెంచలమ్మ, క్యారేజీ మూతలో పులుసన్నం కలుపుకుంటూ. పెంచలమ్మ మొగుడు వేటకు పోయి పడవ మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ వల లాగలేదు. అప్పటినుంచి ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. మధ్యాహ్నాలు అన్నం తిన్నాక ఇద్దరూ పాత గుడ్డల మధ్య కూర్చుని కత్తిరించుకునేవాళ్ళు. జయశీలకు రోజు మొత్తంలో తనదనిపించేది ఆ కాసేపే.

ఏడాది తిరిగేసరికి షెడ్డు వెనక కుప్ప లేదు. బూడిద మీద గడ్డి కూడా మొలిచింది. గంగులయ్య ఆ దారిన పోతూ పలకరించి పోతున్నాడు.

అప్పుడు వచ్చింది ఏంజెలిన్. సముద్రం ఒడ్డున కొత్తగా తెరిచిన రిసార్టుకు మేనేజరు. గుడ్డలు వృథా చేయని లాండ్రీ కోసం వెతుకుతున్నామనీ, మీ గురించి లాడ్జి వాళ్ళు చెప్పారనీ అంది. అతికి కుట్టిన దుప్పటిని చేతిలోకి తీసుకుని కుట్టు మీద వేలితో రాస్తూ, "ఎవరిదండీ ఈ ఆలోచన?" అని అడిగింది.

"నాదే మేడం. గుడ్డలు తగలబెడతా ఉంటే మనసొప్పలేదు. ఏదో ఒకటి చెయ్యాలని చేసినా," అన్నాడు గిద్యోను. తర్వాత వెనక్కి తిరిగి, "జయా, మేడంకి టీ," అన్నాడు.

జయశీల టీ తెచ్చింది. పెంచలమ్మ మిషను దగ్గర నిలబడి ఆమె మొహం వైపే చూస్తోంది. జయశీల చూపు తప్పించుకుంది. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. నెల్లూరులో హోటళ్ళ వాళ్ళ మీటింగుందనీ, మీరొచ్చి ఈ సంగతి చెప్పాలనీ ఏంజెలిన్ అడుగుతుంటే గిద్యోను తలూపుతున్నాడు. జయశీల ఖాళీ కప్పులు తీసుకుని కడగడానికి వెళ్ళింది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి గిద్యోను లేచి మైకు అందుకున్నాడు. తెల్ల చొక్కా. ఆ చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు ఆమె కాలర్ని రెండుసార్లు రుద్దింది.

"ప్రియమైన సంఘమా, వందనాలు. మా పనిలో పాత గుడ్డలు చాలా పాడైపోతా ఉండినాయి. నేను మోకరించి ప్రార్థన చేసినా. దేవుడు నాకు ఒక ఆలోచన ఇచ్చినాడు…"

మగవాళ్ళ వైపు నుంచి, ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని వినిపించింది. పక్కన దీనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. చాప మీద కూర్చున్న జయశీల తన చేతుల వైపు చూసుకుంది. బ్లీచింగుకు వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయింది. కత్తెర పట్టే బొటనవేలి మొదలు దగ్గర కాయ కాసింది. దేవుడికి ఆ సంగతి తెలియదా? తెలిసే ఉంటుంది. ఆయన్ని ఇందులోకి లాగినందుకు ఆమెకే ఆయన మీద జాలేసింది. పాట అందుకోమని పక్కావిడ మోచేత్తో పొడిచింది. పాడింది.

మధ్యాహ్నం చేపల పులుసు వేసుకుంటూ గిద్యోను తల్లితో, "రిసార్టు గుడ్డలు వచ్చే నెల నించి వస్తాయి. ఆ పెంచలమ్మని నెలాఖరుకు మాన్పించేద్దాం," అన్నాడు.

గరిటె పట్టుకున్న జయశీల చెయ్యి ఆగింది. "పని పెరుగుతా ఉంటే మనిషిని తీసేస్తారా?"

"ఆమె చేసేదంతా నీకు వచ్చు గదా. మన మనిషివి నువ్వుండగా బయటి మనిషికి జీతమెందుకు?"

"వాడు చెప్పేదీ నిజమేలే," అంది దీనమ్మ. "ఇంటి పని ఇంటోళ్ళు చేసుకుంటే తప్పేముండాది?"

ఇన్నేళ్ళూ జయశీల ఒక్కటే అనుకుంది. తను పడే చాకిరీ తన ఒంటికి మాత్రమే చేటు అనుకుంది. పోనీలే, నా ఇల్లు, నా పిల్ల, నా మొగుడి వ్యాపారం, నా నడుమే గదా నొప్పి పుట్టేది, అనుకుంది. ఉత్తిగా చేసే చెయ్యి ఒకటి ఇంట్లో ఉంటే ఆ చేత్తోనే ఇంకో ఆడదాని నోటి కాడి కూడు లాగెయ్యొచ్చని ఇప్పటిదాకా తట్టలేదు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునే పెంచలమ్మ మొగుడు కళ్ళ ముందు కదిలాడు. రేపు పెంచలమ్మకు ఆ మాట ఎవరు చెప్తారు? అదీ తనకే అప్పగిస్తాడు. నువ్వు ఆడదానివి, మెల్లిగా చెప్పు, అంటాడు. అలాంటి పనులన్నీ మెల్లిగా తన మీదికే వచ్చాయి. మెల్లిగా తను మోసింది. ఇది మాత్రం మోయలేననిపించింది. న్యాయం, అన్యాయం అని కూడా కాదు. ఒంట్లో ఇక చోటు లేదు.

"పెంచలమ్మ ఉండాల. మానేది నేను," అంది.

గిద్యోను ముల్లు తీస్తున్నవాడల్లా ఆగి నవ్వాడు. "నువ్వు మానేదేంది? నువ్వేమన్నా ఉద్యోగస్తురాలివా?"

"కాదు గదండీ. అందుకే ఎవురికీ చెప్పుకోకుండా మానొచ్చు."

అతను మళ్ళీ నవ్వబోయాడు. ఆమె మొహం చూసి కంచంలోకి వంగాడు.

సోమవారం పొద్దున్నే బండి హారన్ మోగింది. జయశీల క్యారేజీ తెచ్చి బండికి తగిలించి వెనక్కి వచ్చేసింది. ఇంకోసారి మోగింది. ఆమె గుమ్మంలోనే నిలబడింది. గిద్యోను ఏదో గొణిగి, బండిని ఒక్క ఉదుటున పోనిచ్చాడు.

ఎక్కువసేపు కాకముందే ఫోన్. "కల్యాణమండపం గుడ్డల మీద పసుపు పోవడం లేదు. ఏందో చెప్పు తొందరగా."

"పెంచలమ్మకు తెలుసండీ. ఆమెనడగండి."

మళ్ళీ ఫోన్, లాడ్జి మూటలు కలిసిపోయాయని. మళ్ళీ అదే జవాబు. ఆ తర్వాత మోగలేదు.

జయశీల వెళ్ళి మంచం మీద పడుకుంది. కిటికీలోంచి ఎండ కాళ్ళ మీద పడుతోంది. పట్టపగలు ఈ మంచం మీద తను ఎప్పుడు పడుకుంది? షారన్ పుట్టినప్పుడు. కళ్ళు మూసుకుంటే నిద్ర రాలేదు. చేతులు పనికోసం వెతుక్కుంటున్నట్టు దుప్పటి అంచును తడుముతున్నాయి. వాటిని ఛాతీ మీద పెట్టుకుంది.

దీనమ్మ గోడ పట్టుకుని వచ్చి తొంగి చూసింది. "ఒంట్లో బాగలేదా మే?"

"బాగనే ఉండాది అత్తా."

"మరి పగలు పండుకున్నావే?"

"అలిసిపోయినా."

ఆ మాట పైకి అన్నాక ఆమెకే వింతగా ఉంది. దీనమ్మ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. తర్వాత వంటింట్లో గిన్నె చప్పుడైంది. ముసలామె తన మాత్రలకు తనే నీళ్ళు ముంచుకుంటోంది.

సాయంత్రం గిద్యోను వచ్చాడు. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. కుర్చీలో కూలబడి చాలాసేపు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. బ్లీచింగుకు అవి తెల్లగా ముడతలు పడ్డాయి.

"పెంచలమ్మ ఉంటాదిలే," అన్నాడు చివరికి, ఎవరితోనో చెప్తున్నట్టు.

జయశీల మంచినీళ్ళు ఇచ్చింది. అతను తాగి గ్లాసు కింద పెట్టాడు. రిసార్టు బండి రేపే మచ్చుకు ఒక మూట తెస్తుందని, ఏంజెలిన్ మేడం కూడా వస్తానందని చెప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"రేపు వస్తావా?"

పెళ్ళయిన దగ్గర్నించి 'పద' అనడమే గాని, వస్తావా అని అతను అడగడం ఆమె ఎప్పుడూ వినలేదు. గ్లాసు తీసుకుంటూ అతని మొహంలోకి చూసింది.

"ఊరికే రాను," అంది.