కుడి ముందుకాలు

మూడో గుర్రం గిట్టలో ఇరుక్కున్న కంకరరాయిని ఇనుప కొక్కెంతో తీసి, కాలు కింద వదిలి, ఈరన్న నడుము పట్టుకున్నాడు. ఇంకా తెల్లవారలేదు. చిక్కడపల్లి సందులో అపార్టుమెంటు గోడకూ మూతబడ్డ పిండిగిర్నీకీ నడుమ ఉన్న రేకుల షెడ్డే తబేలా. నాలుగు గుర్రాలు, నాలుగూ పెళ్లి బరాతులకు పోయేవే. పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. పైఅంతస్తు కిటికీ ఒకటి తెరుచుకొని, వాసనకు వెంటనే మూసుకుంది. రోజూ అంతే.

ఈరన్నకు యాభై నాలుగేళ్లు. కోస్గి దిక్కు నుంచి సెంట్రింగు పనికి వచ్చాడు. పైనుంచి పడి భుజం విరిగితే, బరువులు మోయలేడని ఎవరో తీసుకొచ్చి రాజేశం సేటు దగ్గర పెట్టారు. మొదట్లో గుర్రమంటే వణుకు. ఇప్పుడు గుర్రం దగ్గర నిలబడ్డట్టే మనుషుల దగ్గరా నిలబడతాడు. ఎదురుగా కాదు, ఓ పక్కన, చెయ్యెడు దూరంలో.

నాలుగోది బిజిలీ. పదిహేడేళ్ల తెల్ల ఆడగుర్రం. దాని ఎడమ ముందుకాలు పట్టీలతో బోదకాలులా ఉంది. తొమ్మిది రోజులుగా ఆ కాలు నేలకు ఆనించడం లేదు. మిగతా మూడింటి మీదే నిలబడి, నిలబడే కునుకుతోంది. ఈ తొమ్మిది రోజులూ ఈరన్న దాని గిట్టలు ముట్టలేదు. మెడ నిమిరి, దాణా చేతిలో పెట్టి తినిపించి, చూపు తప్పించుకొని పోయేవాడు.

పొద్దెక్కాక రాజేశం వచ్చాడు. బిజిలీని చూసి, ఈరన్న భుజం తట్టాడు.

"నువ్వు లేకుంటే ఇది ఆ దినమే పోతుండె ఈరన్నా. కన్నబిడ్డ లెక్క చూస్తున్నవ్. ఆ పటాకులు కాల్చినోళ్లకు జీవాల బాధ ఏమెరుక?"

ఈరన్న ఉలవలు కలుపుతూ తల ఎత్తలేదు.

"మా బామ్మర్దికి చెప్పిన, మనిషంటే మా ఈరన్నే అని. ఏందిరా, పొగిడితే పొయ్యిల మొఖం పెడ్తవ్?"

"పొగ సేటు," అన్నాడు ఈరన్న.

పటాకుల మాట ఈరన్న చెప్పిందే. కాలు విరిగిన ఆ సాయంత్రం బరాతు నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ మీదుగా నడుస్తోంది. పొద్దునే బిజిలీకి కొత్త లాడాలు కొట్టించాడు. కళ్లెం పట్టుకొని ఎడమ పక్కన నడుస్తున్నాడు, ఎప్పటిలాగే. చౌరస్తా దగ్గర చాయ్ బండి ముందు ముగ్గురు ఆడపిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. నడిమి పిల్ల అనిత. తన బిడ్డ.

అనిత గ్రూప్స్‌కు చదువుతూ అక్కడే హాస్టల్లో ఉంటోంది. కవాడిగూడలో ఒక ఆఫీసుకు వాచ్‌మన్‌నని ఆమెకు చెప్పాడు. హాస్టల్ ఫారంలో తండ్రి పని అన్నచోట ఆ పిల్ల అదే రాసింది. ఇక్కడేమో తండ్రి నెత్తికి గులాబీ పాగా, ఒంటికి జరీ అంచు కోటు, బ్యాండువాళ్లు ఈలలు వేస్తుంటే గుర్రాన్ని ఆడిస్తూ.

ఈరన్న గుర్రం మెడ కింద నుంచి దూరి అవతలి పక్కకు పోయాడు. కళ్లెం వదల్లేదు. నోట్లో ఇనుము గుంజేసరికి బిజిలీ గిర్రున తిరిగింది. ఎడమ ముందుకాలు మురుగు మోరీ మీది బండల సందులో దిగబడింది. పెళ్లికొడుకును ఎవరో పట్టుకున్నారు. పటాకులకు బెదిరిందని ఈరన్న అన్నాడు. అందరూ నమ్మారు.

రాజేశం వెళ్లాక ఆ మెప్పు ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలని కొబ్బరిపీచు తీసుకొని బిజిలీ ఒళ్లు రుద్దసాగాడు. మెడ, భుజం, డొక్క. మనసు చౌరస్తాలోనే ఉంది. అటు చుట్టి కుడి పక్కకు వచ్చి వంగాడు. ఇరవై ఏళ్ల అలవాటు. గిట్ట చూద్దామని కుడి ముందుకాలి మోకాలి వెనక రెండు వేళ్లతో తట్టి, "ఎత్తు బిడ్డా," అన్నాడు.

అన్నాక గాని తెలియలేదు, ఏమన్నాడో.

బిజిలీ ఎత్తింది. అతను తడితే ఎత్తకుండా ఎన్నడూ ఉండలేదు. మంచి కాలు లేచింది, బరువంతా విరిగిన కాలు మీద పడింది. కట్ల లోపల చిన్నగా చప్పుడైంది. ముందు మోకాళ్లు, తర్వాత ఒళ్లంతా, అతని పక్కనే కూలింది.

కబురందుకొని రాజేశం పశువుల డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన చూసి, "ఇక లేవదు," అన్నాడు. నొప్పి తెలియకుండా పోవడానికి సూది వేశాడు. ఈరన్న దాని తల ఒళ్లో పెట్టుకొని, ఈగలు వాలకుండా తువ్వాలు కప్పాడు. మధ్యాహ్నం ఎండ రేకుల సందులోంచి డొక్క మీదికి వచ్చేసరికి ఆ డొక్క కదలడం మానేసింది.

"పటాకులు గావు సేటు," అన్నాడు ఈరన్న. "నేనే గుంజిన."

"ఏంది?"

"మా బిడ్డ రోడ్డు మీద కూసోనుండె. నన్ను సూస్తదని అవతలికి మళ్లిన. కళ్లెం చేతులనే ఉండె."

రాజేశం గుర్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. తిడతాడని ఈరన్న మెడ వంచుకొని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

"సూస్తే ఏమాయెరా?" అన్నాడు రాజేశం.

చచ్చిన జీవాలను ఎత్తుకుపోయే బల్దియా లారీ వచ్చింది. ఎత్తేముందు లాడాలు ఊడదీశారు. నల్లగుర్రానిదైతే శని ఉంగరానికని అడిగేవాళ్లుంటారు. తెల్లగుర్రం లాడాన్ని ఎవరడుగుతారు? గోడవారన పడేశారు.

లారీ సందు మలుపు తిరిగాక ఈరన్న ఫోను తీశాడు.

"బిడ్డా... నేను ఆఫీసుల చేస్తలేను."

"ఎరుకే నాయినా."

"ఎప్పటి సంది?"

"ఐతారం ఐతారం ముషీరాబాద్‌ల నీ రూముకొచ్చి నీ అంగీలు ఉతికేది నేనే గద. తెల్ల బొచ్చు అంటుకోని ఉంటది. రెండేండ్లాయె."

ఈరన్న తన అంగీ చెయ్యి చూసుకున్నాడు.

"మొన్న చౌరస్తల గూడ నిన్ను సూసిన. దోస్తులకు సూపిద్దమని లేచిన. అంతల నువ్వు గుర్రం చాటుకు పోయినవ్." అంది అనిత. "దానికి దెబ్బ తాకిందా నాయినా? ఎట్లుంది ఇప్పుడు?"

ఈరన్న ఫోను చెవి దగ్గరే పెట్టుకొని గోడవారకు చూశాడు. మూడు లాడాలు బోర్లా పడి ఉన్నాయి. కుడి ముందుకాలిది ఒక్కటే వెల్లకిలా ఉంది, అరగని అంచు మీద ఎండ పడి మెరుస్తూ.