కాయని ఖర్జూరం

దొరబాబుకి కట్టెలు కొట్టడం రాదు. ఆ మాట ఒప్పుకోవడం అంతకన్నా రాదు. కోనసీమలో పుట్టినవాడికి గొడ్డలితో ఏం పని? కొబ్బరిమట్టలు వాటంతటవే రాలిపడతాయి, కొబ్బరి డొక్కలు పొయ్యిలో పెడితే అన్నం ఉడుకుతుంది. చెట్టెక్కడంలో మాత్రం ఉడత కూడా అతని తర్వాతే.

ఎనభై రెండులో అరబ్బు దేశం వెళ్ళి, సులైబియాలో ఒక ఖర్జూరం తోటలో పనికి కుదిరాడు. ఆ శీతాకాలం చలి ఎముకలు కొరికింది. వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అతని తల్లిని పనివాళ్ళందరూ మామా అంటారు. చలి రోజులన్నీ ఆ పెద్దావిడ తోట ఇంట్లోనే గడుపుతుంది. కరెంటు హీటరంటే ఆవిడకి ఒళ్ళు మంట. గదిలో ఇనప కుంపటి పెట్టి, అందులో కట్టెలు మండాల్సిందే. ఆ పని కడప నుంచి వచ్చిన పాత కాపరి గురప్పది. అతను నడుం పట్టేసి మంచమెక్కడంతో గొడ్డలి దొరబాబు చేతికొచ్చింది.

దొరబాబు సంబరపడిపోయాడు. మామాకి వంటమనిషి కావాలి. ఊళ్ళో గంగారత్నం ఉంది. పెళ్ళానికి వీసా అడగాలంటే ముందు మామా మెప్పు పొందాలి కదా!

ఎండుమట్టలు ఇట్టే అయిపోయాయి. తోటంతా కలయదిరిగాడు. మొన్న వేసవిలో ఖర్జూరాలన్నీ గెలలు వేస్తే, చివరి చెట్టు ఒక్క కాయైనా కాయలేదు. తిండిదండగ చెట్టనుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో కాయని కొబ్బరిచెట్టుని కొట్టేస్తే ఎవరూ ఏమీ అనరు. ఒళ్ళు హూనం చేసుకుని దాన్ని పడగొట్టాడు. తీరా చూస్తే అంతా పీచే. మంట గోరంత, పొగ కొండంత. మామా దగ్గుతూనే బాగుందన్నట్టు తలూపింది. దొరబాబుకి వీసా చేతికొచ్చినట్టే అనిపించింది.

నడుం కుదుటపడి తోటలోకి వచ్చిన గురప్ప, ఆ మొద్దు చూసి తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఎంత పని జేస్తివప్పా! అది పోతుచెట్టు. తోటంతటికీ అదొక్కటే మగది."

"చెట్లలో మగేటండీ గురప్పగారూ?"

"మీ పక్క తాటిచెట్లు లేవా? పోతుతాడు జూడలేదా?"

"తాడికుంటాదండి. కొబ్బరికి లేదు గదండీ! ఇది కొబ్బరి లాటిదే అనుకున్నానండి."

"పోతుపూత తెచ్చి ఆడపూతలో పెట్టి కడితేనే కాయ. ఇప్పుడు పూతొచ్చే కాలం. మామాకు తెలిస్తే నువ్వు ఖలాస్."

దొరబాబుకి ఏడుపు ముంచుకొచ్చింది. వీసా మాట దేవుడెరుగు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కూడా ఊడేట్టుంది. గురప్ప తిడుతూనే దారి చెప్పాడు. పక్క తోటలో కాపలా కాసే జిలానీ బాషా కాళ్ళావేళ్ళా పడి, పూత విచ్చగానే దొరబాబు గోనెసంచీడు పోతుపూత తెచ్చుకున్నాడు. ఆ పొద్దున్నే చెట్టెక్కాడు.

అతను పైన ఉండగానే మామా కర్ర పట్టుకుని వచ్చింది. మొద్దుని చూసింది. పైకి చూసింది. అరబ్బీలో ఎత్తుకుంది. దిగితే తిట్లు, దిగకపోతే పని. దొరబాబు ఒక చెట్టు దిగి, ఆవిడ అక్కడికి చేరేలోగా ఇంకోటి ఎక్కేశాడు. సాయంత్రానికి తోటంతా కట్టేశాడు. ఒళ్ళంతా ముళ్ళగీతలే.

కుంపటి దగ్గరికి పిలుపొచ్చింది. మామా చాలాసేపు మాట్లాడింది.

"గాడిద అంటాండాది," అన్నాడు గురప్ప.

మళ్ళీ అంతసేపూ మాట్లాడింది.

"అదే, ఇంగోసారి."

తర్వాత ఏదో అడిగింది. "నీకు పెండ్లయిందా అని."

"అయ్యిందండి. గంగారత్నం. ఊళ్ళోనే ఉందండి," అన్నాడు దొరబాబు.

మామా పొగ కక్కుతున్న మొద్దుని కర్రతో కదిలించి, దగ్గి, రెండు మాటలు అంది. గురప్ప నవ్వేశాడు.

"ఏటన్నారండీ? ఖలాసేనా?"

"కాదప్పా. మగచెట్టు ఒగచోట, ఆడచెట్టు ఒగచోట ఉంటే కాయలెట్లా కాస్తాయి అంటాండాది. నీ పెండ్లాం వీసాకు కొడుకుతో చెప్తాదంట."

దొరబాబు అక్కడే కూలబడి, పొగ మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంగోటి గూడ అనింది," అన్నాడు గురప్ప. "ఆయమ్మ వచ్చినాక కట్టెలపని గూడ ఆయమ్మకేనంట. నువ్వు మాత్రం గొడ్డలి ముట్టగూడదంట."