సిరిగేరి కళ్లంలో పత్తి వ్యాగన్

ఫోనులో హిమజ చెప్పిందేమిటి? "దాన్ని ముట్టుకోవద్దండప్పా, ఎట్లుండేది అట్లే ఉండనీండి, దసరా సెలవుల్లో వస్తా" అని. ఇంద్రసేన విన్నదేమిటి? బళ్ళారి నుంచి టీచరమ్మ వస్తోందని. మిగతాది ఆయన చెవికెక్కితే కదా!

హిమజ డ్రాయింగు టీచరు. బజారులో బట్టల కొట్టున్న ఇంటి ఆడది పొద్దస్తమానం అట్టముక్కలూ రేకులూ ముందేసుకుని బొమ్మ రైలు చేస్తుంటే చుట్టాలు నవ్వరా? నవ్వారు. నవ్వుకోనీ అనుకుంది. ఆమె చేస్తున్నది ఏదో ఒక రైలు కాదు, హగరి స్టేషను మీదుగా పత్తి మూటలు మోసిన పాత మీటర్‌గేజి గూడ్సు బండి. ఇంజను అయింది, గార్డు పెట్టె అయింది. పత్తి వ్యాగన్ల దగ్గరికొచ్చి పని ఆగిపోయింది. కొలతలు దొరికాయి గానీ, వాటి రంగేమిటో, పక్కల మీద రాతలు ఎలా ఉండేవో చెప్పే దిక్కు లేదు. గుంతకల్లులో ఒక పెద్దాయన ఎరుపన్నాడు. హగరిలో ఇంకో పెద్దాయన బూడిద రంగని ఒట్టేశాడు. దొరికిన ఫొటోలన్నీ నలుపూ తెలుపూ. ఇక వ్యాగన్లంటారా, గనుల పుణ్యమా అని ఇనుముకు ధర లేచేసరికి జనం దొరికినదాన్ని దొరికినట్టు కోసి అమ్ముకున్నారు. ఏళ్ల తరబడి తిరగ్గా ఒకే ఒక్కటి మిగిలిందని తెలిసింది. సిరిగేరిలో ఇంద్రసేన కళ్లంలో, చక్రాలు లేకుండా, ఎరువు మూటలు దాచుకునే కొట్టుగా. వాళ్ల నాయన ఎప్పుడో వేలంలో కొన్నాడట. పాత రంగు, పాత రాతలు ఇంకా ఉన్నాయని ఇంద్రసేనే ఫోనులో చెప్పాడు.

ఆయుధ పూజ నాడు హిమజ బస్సు దిగి కళ్లంలో అడుగుపెట్టింది. గనికి తిరిగే టిప్పర్లు స్నానం చేసి, అరటి పిలకలు కట్టుకుని వరసగా నిలబడ్డాయి. వాటి పక్కనే వ్యాగన్. నిగనిగలాడే పసుపు రంగు, ఆకుపచ్చ అంచు, తలుపు మీద నెమలి బొమ్మ, ఒళ్లంతా కుంకుమ బొట్లు. ముందు గుమ్మడికాయ కూడా కొట్టేశారు.

"రాండి టీచరమ్మా! ఎట్లుండాది? మీరు వస్తాండారని మా టిప్పర్ల పెయింటరుతోనే చేయించినా. తుప్పు పట్టినదాన్ని చూపిస్తే మాకు మర్యాదేనా?" అన్నాడు ఇంద్రసేన, మొహం చాటంత చేసుకుని.

హిమజకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంది చేసినారప్పా! ముట్టుకోవద్దని చెప్పినా కదా!"

"ముట్టుకోకుండా రంగెట్ల ఏసేది?"

ఇంద్రసేన తల్లి హనుమక్క పళ్లెం పట్టుకుని వచ్చింది. "ముందు ప్రసాదం తీసుకోమ్మా."

హిమజ చెయ్యి చాపలేదు. సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసింది. "కింద పాత రంగు ఉంటాది. గీకి చూస్తా."

"పూజ అయినదాని మీద ఇనుము పెడతారా! రేపు నా బండ్లు గని కొండ ఎక్కల్ల. ఏమన్నా అయితే?" అని అడ్డొచ్చాడు ఇంద్రసేన.

"నా మాట మీరు విన్నారా, మీ మాట నేను వినేదానికి?"

గీకింది. పసుపు పొర లేచింది. కింద ఎరుపూ లేదు, బూడిదా లేదు. తెల్లగా మెరిసే ఉత్త ఇనుము. పక్కన గీకింది, ఇంకాస్త కింద గీకింది. అంతటా అదే. హనుమక్క అయ్యయ్యో అంటూ చెంపలు వేసుకుంది.

"సుమ్నే, ఊరికే గీకొద్దమ్మా, ఏమీ దొరకదు," అన్నాడు ఇంద్రసేన. ఇప్పుడు ఆయన మొహమూ ఎర్రబడింది. "పాతదాని మీద కొత్త రంగు నిలవదని మిషన్ పెట్టి లోపలా బయటా మొత్తం గీకించినా. నీ కోసరమే గదా!"

"రాతలకన్నా ఫొటో తీసినారా?"

"తుప్పుకు ఎవరు తీస్తారు ఫొటో?"

"పోనీ రంగు? పుట్టినప్పటి నుంచి దీన్ని చూస్తానే ఉండారు కదా, ఏం రంగుండె?"

ఇంద్రసేన తల్లి వైపు తిరిగాడు. "ఎర్రగా ఉండె గదమ్మా?"

"యాడ ఎరుపురా? నల్లగా ఉండె," అంది హనుమక్క.

"ఏదో ఒకటి ఏసుకో టీచరమ్మా," అన్నాడు ఇంద్రసేన విసుగ్గా. "తప్పని చెప్పేదానికి తెలిసినోళ్లు ఎవరుండారు ఇప్పుడు?"

"అదే కదప్పా నా ఏడుపు!" అని అరిచింది హిమజ. "తెలిసింది ఇదొక్కటే! దాని నోరు మీరు నొక్కేసినారు!"

ప్రసాదం ముట్టకుండానే బస్సెక్కింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది, ఆయన్నీ, గనుల్నీ, ముందే రానందుకు తననూ.

సంక్రాంతి దాటాక బడి హాల్లో బొమ్మ రైలు తిరిగింది. బళ్ళారి సగం వచ్చి చూసింది. హిమజ పిలవకపోయినా ఇంద్రసేన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. నల్లటి ఇంజను, స్టేషను, కూలీలు, పత్తి మూటలు, అన్నీ చూసి మెచ్చుకున్నాడు. తర్వాత వంగి, పత్తి వ్యాగన్లను వేలితో చూపించాడు. అవి ఉత్త రేకు, మెరుస్తూ పోతున్నాయి.

"ఈటికి రంగు ఏయలేదేం టీచరమ్మా?"

"మీరు గీకించినారు కదప్పా," అంది హిమజ.

ఇంద్రసేన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.